నీళ్ళలో బయటపడే మట్టి

కషొయిరా ఊళ్ళో ఎవరు కపోయెరా ఎలా ఆడారో ఆదివారం చూసినవాళ్ళకి కూడా పూర్తిగా తెలీదు. సోమవారం పొద్దున బట్టలుతికే దొనా లిబానియా చాకిరేవులో దిగేదాకా ఆగాలి.

ఆదివారం పూజ అయిపోగానే మగవాళ్ళు చర్చి బట్టల్లోనే పొగాకు గోదాము ముందున్న ఖాళీ జాగాకి చేరతారు. తెల్ల డ్రిల్లు సూటు, టోపీ, మెరిసే బూట్లు. పెద్దలు బల్ల మీద కూర్చుని బెరింబావ్‌లు మోగిస్తారు. వంచిన కర్ర, దానికో తీగ, తీగ కింద సొరకాయ బుర్ర, అంతే దాని ఒళ్ళు. ఆడేవాళ్ళు గుండ్రంగా గొంతుక్కూర్చుని వంతు కోసం చూస్తారు. పాట అందుకోగానే ఇద్దరు మధ్యలోకి దిగుతారు. ఊగుతూ, తిరుగుతూ, చేతుల మీద లేస్తూ, ఒకరి కాలు ఇంకొకరికి తగిలీ తగలకుండా పోనిస్తూ ఆడతారు. అరచేతులు, పాదాలు, తల నేలకి తగలొచ్చు. ఇంకేదీ తగలకూడదు. నేల ఎర్రమట్టి, బట్టలు తెల్లవి. వేరే తీర్పరి ఎందుకని పూర్వం వాళ్ళు అనుకున్నారు.

అయితే ఆ మట్టికి ఒక గుణం ఉంది. పొడిగా ఉన్నప్పుడు దులిపితే రాలిపోతుంది, గుడ్డ తెల్లగానే కనిపిస్తుంది. నీళ్ళు తగిలాక మళ్ళీ పూస్తుంది. అందుకని సోమవారం పొద్దున చాకిరేవులో బట్ట మొదటి మునక వేసినప్పుడు ఉతికే మనిషి చూసి ఒక మాట చెబుతుంది. "తెలుపు" అంటుంది, లేదా "ఎరుపు" అంటుంది. ఆ మాట మధ్యాహ్నంలోగా సంతకి, వంతెన దాటి అవతల ఊరి చుట్టల ఫ్యాక్టరీకి చేరుతుంది. ఆదివారం ఆడిన ఆట అప్పుడు ముగుస్తుంది.

దొనా లిబానియా తల్లి ఆ మాట చెప్పేది. తల్లి పోయాక లిబానియా చెబుతోంది. యాభై దాటిన మనిషి. నడుము కింద భాగం అంతా రాయిలా ఉంటుంది, చిన్నప్పటి నుంచీ పరగ్వాసు నదిలో మోకాటి లోతున నిలబడి ప్రవాహానికి ఎదురొడ్డడం వల్ల. పెళ్ళయింది. భర్త రైలు పని మీద వెళ్ళి ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టాడు. దాని గురించి ఆమె ఎప్పుడూ ఒకే మాట చెప్పేది: "తన బట్టలు తనే పట్టుకుపోయాడు. నాకు ఒక ఉతుకు తగ్గింది."

అబద్ధం చెప్పదని ఊళ్ళో ఆమెకి పేరు. నిజానికి ఆమె నిజం కూడా ఎక్కువగా చెప్పేది కాదు. ఆ రెండు మాటలూ అయ్యాక నోరు మూసుకుని ఉతికేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గోదాము దగ్గరికి వెళ్ళి ఆట చూడలేదు. కపోయెరా అంటే ఆమెకి మోకాలి దగ్గర ఒక రకం మరక, మోచేతి దగ్గర ఇంకో రకం మరక.

మేస్త్రి వెనాన్సియో సూటు ఆమే ఉతుకుతుంది. ఆయన తెరచాప పడవలో పొగాకు బేళ్ళు చేరవేసే మనిషి, అరవై దాటాయి, భార్య పోయి చాలాకాలమైంది. ఆడేవాళ్ళందరికీ పెద్ద, అందుకే మేస్త్రి అంటారు. అన్నిటికన్నా లోతుగా మోగే పెద్ద బెరింబావ్, దాన్ని గుంగా అంటారు, అది ఆయన చేతిలో ఉంటుంది. గుంగా మోగితే ఆట మొదలు, ఆగితే ఆట ఆగుతుంది. దాన్ని పట్టుకునేవాడి బట్టలు తెల్లగా ఉండాలి, అదీ నియమం. ఆయనకి ముందు ముసలి తెయొడోరో దగ్గరుండేది. ఒక సోమవారం లిబానియా తల్లి "ఎరుపు" అంది. తరవాతి ఆదివారం తెయొడోరో ఎవరూ అడక్కుండానే గుంగాని వెనాన్సియో చేతిలో పెట్టి, కింద చతికిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ పై వారం నుంచి ఖాకీ నిక్కరు వేసుకొచ్చాడు. దాన్ని ఇంట్లోనే ఉతుక్కునేవాడు.

వెనాన్సియో ప్రతి ఆదివారం సాయంత్రం సూటుని పాత న్యూస్‌పేపర్లో చుట్టి స్వయంగా తెచ్చేవాడు. గుమ్మంలో టోపీ తీసి, "దొనా లిబానియా, వీటి సంగతి కాస్త చూడండి" అనేవాడు.

"చూస్తాను మేస్త్రీ" అనేది ఆమె.

అంతే. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ ఇవే. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఆమె గుమ్మం ఊడ్చి, జుట్టు దువ్వుకుని కూర్చునేది. ఆదివారం కాబట్టి దువ్వుకుంటున్నానని అనుకునేది.

సెయింట్ జాన్ పండగ మంటలు ఆరిన తరవాత వచ్చిన సోమవారం ఆమె ఆయన పంట్లాము నీళ్ళలో ముంచింది. ఎడమ మోకాలి దగ్గర నాణెమంత ఎరుపు విచ్చుకుంది.

పక్క బండ మీద ఫిలో ఉతుకుతోంది. ఫిలోకి నలభై లోపు, నోటికి తీరిక ఉండదు. కసాయి జెరెమియాస్ సూటు తనే ఉతుకుతుంది. వెనాన్సియో తరవాత గుంగా జెరెమియాస్‌దే అని ఊళ్ళో అందరూ అనుకునేవారు, అందరికన్నా ముందు జెరెమియాస్ అనుకునేవాడు.

"ఏమంటోందక్కా మీ మేస్త్రి గుడ్డ?" అంది ఫిలో.

"తెలుపు" అంది లిబానియా.

మాట బయటికొచ్చాక ఆమె చుట్టూ చూసింది, ఇంకెవరైనా అన్నారేమోనని. నది మామూలుగానే పారుతోంది. ఆమె ఆ మోకాలిని గట్టిగా సబ్బు పెట్టి రుద్ది, గడ్డి మీద ఎండకి పరిచి, మధ్యాహ్నం నీలిమందు పెట్టింది. మరక పోయింది. మాట మాత్రం అప్పటికే వంతెన దాటిపోయింది.

తరవాతి ఆదివారం వెనాన్సియో వచ్చాడు. టోపీ తీశాడు. "దొనా లిబానియా" అని ఆగాడు. ఎప్పుడూ ఆగే చోటు కాదది. "వీటి సంగతి కాస్త చూడండి."

"చూస్తాను మేస్త్రీ."

సోమవారం ఎరుపు అరచేతంత అయింది.

"తెలుపు" అంది లిబానియా.

"ఈ వయసులో కూడా! మా కసాయి ముఖం చూడాలి ఇవాళ" అంది ఫిలో. "మూడేళ్ళుగా ఆ గుంగా కోసం గుటకలు మింగుతున్నాడు. ఆకలికి సొరకాయ బుర్ర కొరికేస్తాడేమో."

లిబానియా ఆ రోజంతా ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆమెకి అలవాటు లేదు కాబట్టి దాన్ని ఎలా నడిపించాలో తెలీదు. మరకలు మాత్రం తెలుసు. మోకాలు ఎందుకు నేలకి తగులుతోంది? వంగుతోంది కాబట్టి. వంగకుండా చేస్తే తగలదు. ఈ నిర్ణయానికి వచ్చాక ఆమె కర్రపెండలం పిండి కలిపి గంజి కాచింది.

గంజి రోజూ పెట్టేదే. ఈసారి మోకాళ్ళ దగ్గర ఒక పూత వేసి, ఆరనిచ్చి, ఇస్త్రీ చేసి, మళ్ళీ పూత వేసింది. శనివారం దాకా వేస్తూనే ఉంది. శనివారం సాయంత్రం పంట్లాము గోడకి ఆనకుండా దానంతటదే నిలబడింది. లోపల మనిషి లేడన్న లోపం తప్ప అన్నీ ఉన్నాయి. ఆమె దానికేసి కాసేపు చూసి, పేపర్లో చుట్టడం కుదరక దుప్పటి కప్పి పంపించింది.

ఆ ఆదివారం ఆమె మొదటిసారి ఆట చూడ్డానికి వెళ్ళింది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. అందరూ మేస్త్రి నడక చూస్తున్నారు.

వెనాన్సియో వీధి మలుపు తిరిగి వస్తున్నాడు. కాళ్ళు రెండూ వంగడం లేదు. అడుగు వేసినప్పుడల్లా పచ్చి అప్పడం విరిగినట్టు చప్పుడు. ముఖంలో ఏ భావమూ లేదు. బల్ల మీద కూర్చోవడం కుదరలేదు కాబట్టి నిలబడే గుంగా పట్టుకున్నాడు.

"మేస్త్రీ, చీపురుకట్ట మింగొచ్చారా?" అన్నాడు జెరెమియాస్.

"నీ కొట్లో ఎముకలు కొన్నాను నాయనా. వంగడం లేదు" అన్నాడు వెనాన్సియో.

అందరూ నవ్వారు. జెరెమియాస్ నవ్వుతూనే కోటు సర్దుకుని మధ్యలోకి వచ్చాడు, "మరి ఆ ఎముకలు ఒకసారి చూద్దాం రండి" అని. పిలిస్తే రానివాడు గుంగా పట్టుకోకూడదు. వెనాన్సియో గుంగాని పక్కవాడికిచ్చి వలయంలోకి అడుగుపెట్టాడు. టక్, టక్.

జెరెమియాస్ మంచి ఆటగాడే. ఎంత లావో అంత కిందికి వెళ్ళగలడు. మేస్త్రి ఎప్పుడూ కింద ఆటే ఆడతాడని అతనికి తెలుసు. ఈమధ్య కింద ఆయన ఎడమ మోకాలు ఆలస్యమవుతోందనీ తెలుసు. అందుకని నేలకి ఆనుకుపోయినంత కిందికి దిగి, మేస్త్రి రావలసిన చోటుకి, ఆయన మడమ పట్టి లాగేందుకు, ముందే కాలు విసిరాడు.

మేస్త్రి అక్కడికి రాలేదు. రాలేకపోయాడు. నిలబడ్డచోటే నిలబడి, కొబ్బరిచెట్టు గాలికి ఊగినట్టు నడుము పైభాగం మాత్రం ఊపాడు.

జెరెమియాస్ కాలు ఖాళీ గాలిని లాగింది. లాగిన ఊపుకి తను ఒక చుట్టు తిరిగి, ఎర్రమట్టిలో నిండుగా కూర్చున్నాడు. దులుపుకోవడానికి కూడా వీల్లేనంత నిండుగా.

పాట ఆగింది. బల్ల మీద ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "ఇది పాత పద్ధతి. నిటారు ఆట. మా తాత చెప్పేవాడు" అన్నాడు. రెండో ఆయన తన తాత కూడా చెప్పేవాడన్నాడు. అంతకుముందు క్షణం దాకా ఆ పేరు ప్రపంచంలో లేదు. ఇక చూసుకోండి, మిగతావాళ్ళంతా నిటారు ఆట ఆడడం మొదలుపెట్టారు. కాళ్ళు బిగబట్టుకుని దిగడం, చూస్తుండగానే వెల్లకిలా పడడం. పడినవాడు లేచి ఇంకొంచెం బిగబట్టాలన్నమాట అని తీర్మానించి మళ్ళీ దిగేవాడు. ఆ రోజు వలయంలోకి దిగని వాడు ఒక్కడే, పోస్టాఫీసు బంట్రోతు దమియాన్. అతనికి పన్ను నొప్పి. చెంప పట్టుకుని ఒక వార నిలబడే ఉన్నాడు.

ఇద్దరు కుర్రాళ్ళు దొనా లిబానియా దగ్గరికి వచ్చి, వచ్చే వారం తమ పంట్లాములకి కూడా మేస్త్రి రకం గంజి పెట్టగలరా అని వినయంగా అడిగారు. ఆమె జవాబు చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం వెనాన్సియో వచ్చాడు. చేతిలో పొట్లం లేదు. సూటు ఒంటి మీదే ఉంది.

"విప్పడం కుదర్లేదు. బూట్లు విప్పాలంటే వంగాలి" అన్నాడు.

"పెరట్లోకి రండి" అంది లిబానియా.

పెరట్లో తొట్టి పక్కన నిలబెట్టి, చెంబుతో మోకాళ్ళ మీద నీళ్ళు పోసింది. గంజి మెత్తబడి చిక్కగా కారింది. ఇద్దరూ ఆ గుడ్డకేసే చూస్తున్నారు. నీళ్ళు పారిన మేరా తెల్లగానే ఉంది.

"గంజి ఎక్కువైంది దొనా లిబానియా."

"మోకాలు తక్కువైంది మేస్త్రీ."

ఆయన తల ఊపి అన్నాడు: "మొదటి సోమవారం నీళ్ళకి కనబడలేదేమో అనుకున్నాను. రెండో సోమవారం అలా అనుకుందామని చూశాను. ఇవాళ ఈ పంట్లాములో కాళ్ళు పెట్టినప్పుడు ఇంక అనుకోవడానికి లేకపోయింది."

ఆమె చెంబు కింద పెట్టింది.

"రేపు ఎరుపని చెప్పండి" అన్నాడాయన.

"ఎలా చెబుతాను? ఇప్పుడే తడిపి చూశాం కదా. తెల్లగా ఉంది."

"పోయిన రెండు వారాలూ లేదుగా."

"ఆ వారాల బట్టలు ఉతికేశాను. ఉతికేసిన మరక మీద మాట్లాడకూడదు, మా అమ్మ కూడా మాట్లాడేది కాదు. తెల్లదాన్ని ఎర్రదనడం కూడా అబద్ధమే. నాకు రెండు చాలు మేస్త్రీ, మూడోది మోయలేను."

వెనాన్సియో కష్టంలో పడ్డాడు. గుంగా దించడానికి ఎరుపు కావాలి. ఎరుపేమో లేదు. ఆలోచించి, మెత్తబడ్డ మోకాలిని మెల్లగా వంచి పెరటి మట్టిలో ఆనించబోయాడు.

"అది చెల్లదు" అంది లిబానియా.

"ఎందుకు చెల్లదు? మట్టి అదేగా!"

"మీ అంతట మీరు ఆనించింది చెల్లదు. ఆటలో తగలాలి. ఇన్నేళ్ళు గుంగా పట్టుకున్నారు, నేను చెప్పాలా?"

ఆయన మోకాలు వెనక్కి తీసుకున్నాడు. సిగ్గుపడ్డట్టే ఉన్నాడు.

"అయితే ఆడదాం రండి."

"నాకు రాదు."

"కాలు లాగడం ఒక్కటి చాలు. నా మడమ వెనక మీ పాదం పెట్టి, మీ వైపు లాక్కోవాలి. తడి దుప్పటి నీళ్ళలోంచి లాగినట్టు. కానీ ఒక మాట. నేను ఊరికే పడను. అలా పడితే అదీ చెల్లదు."

"ఊరికే పడమని ఎవరన్నారు?" అంది లిబానియా. పావడా కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

తొట్టి పక్కన, ఉతికి ఆరేసిన చర్చి ఫాదరు గారి దుప్పట్ల మధ్య, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. గుంగా లేదు కాబట్టి ఆయన నోటితోనే దరువు వేశాడు. ఊగడం మొదలుపెట్టాడు. అడుగు వెనక్కి, అడుగు పక్కకి, చెయ్యి ముఖానికి అడ్డం. అరవై దాటిన ఒళ్ళు ఆ దరువు తగలగానే ఎక్కడి బరువు అక్కడ వదిలేసి తేలిగ్గా తిరిగింది. లిబానియా చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది దీని మరకల్నే.

ఆమె ఒకసారి కాలు వేసింది. ఆయన అక్కడ లేడు.

"ఆలస్యం" అన్నాడు దరువు ఆపకుండా.

రెండోసారి వేసింది. ఆయన ఆమె కాలి మీదుగా వెళ్ళిపోయి దుప్పటి అవతల తేలాడు.

"ఫాదరు గారి దుప్పటి ముట్టుకోకండి" అంది ఆమె.

"ముట్టుకోలేదు."

మళ్ళీ దగ్గరికొచ్చాడు. ఈసారి ఆమె ఆయన్ని చూడ్డం మానేసి ఎడమ మోకాలిని చూసింది. అది మిగతా ఒంటికన్నా కాస్త వెనకబడుతోంది. ఎంత వెనకబడుతోందో నాణెమంత మరకలోనే ఆమెకి కొంత తెలిసింది, అరచేతంత మరకలో పూర్తిగా తెలిసింది. అది ఆలస్యమైన క్షణాన మడమ వెనక పాదం పెట్టి, నదిలో ఎన్నేళ్ళు నిలబడిందో అంత బలంతో లాగింది. వెనాన్సియో నిజంగానే ఆపుకోబోయాడు. ఒక చెయ్యి నేలకి వేశాడు, ఒళ్ళు తిప్పాడు, తెలిసిన ఉపాయాలన్నీ చేశాడు. చేసి, పెరటి మట్టిలో ఎడమ పక్కగా, మోకాలూ తుంటీ మోచెయ్యీ ఆనేలా పడ్డాడు. తడిగుడ్డ కాబట్టి ఎరుపు పూయడానికి సోమవారం దాకా ఆగలేదు.

లిబానియా కుచ్చిళ్ళు దించుకుంది.

"బాగా లాగారు" అన్నాడాయన కిందనుంచి.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

ఆమె చెయ్యిచ్చి లేపింది. లేచాక ఆయన చెయ్యి వదలకుండా అడిగాడు: "ఆ రెండు సోమవారాలూ తెలుపని ఎందుకన్నారు?"

లిబానియా తొట్టికేసి చూస్తూ చెప్పింది. "గుంగా పోతే సూటు మానేస్తారని. తెయొడోరో మానేశాడు."

వెనాన్సియో ఈ సంగతి మీద చాలాసేపు ఆలోచించాడు.

"తెయొడోరోకి ఉతికింది మీ అమ్మగారు" అన్నాడు చివరికి. "ఆవిడ కసురుకునేది."

ఆ తరవాత టోపీ పెట్టుకుని, ఎవరికంటా పడకుండా వెనక సందులోంచి వెళ్ళిపోయాడు. తెల్లవారేసరికి న్యూస్‌పేపరు పొట్లం గుమ్మంలో ఉంది.

ఆ సోమవారం రేవంతా ఎర్రబడింది. నిటారు ఆట ఆడినవాళ్ళ సూట్లన్నీ ఒక్కసారే నీళ్ళలో పడ్డాయి. ఫిలో జెరెమియాస్ పంట్లాము ముంచి, "ఎరుపు" అని చెప్పి, "ఇది చెప్పడానికి నీళ్ళు కూడా అక్కర్లేదు" అంది. పక్కవాళ్ళు ఎరుపు, ఎరుపు అంటూనే పోయారు. లిబానియా వంతు వచ్చింది.

"ఎరుపు" అంది.

బండల మీద ఉతుకు ఆగింది.

"మేస్త్రిదా?" అంది ఫిలో. "నిన్న ఆయన పడలేదే! నేను చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు పడ్డాడు? ఎవరి కాలది?"

"సాయంత్రం ఆడాడు. కాలు నాది."

రేవంతా నవ్వింది. ఫిలో బండ మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది. "లిబానియక్కా! ఇన్నేళ్ళకి నీ నోటి వెంట ఒక వేళాకోళం విన్నాను. ఇంక చచ్చినా పరవాలేదు."

లిబానియా చెప్పాల్సింది చెప్పేసింది కాబట్టి, మిగతాది వాళ్ళిష్టానికి వదిలేసి ఉతుక్కుంది.

తరవాతి ఆదివారం వెనాన్సియో ఎవరూ అడక్కుండా గుంగాని చేతుల్లోకి తీసుకుని ముందుకొచ్చాడు. జెరెమియాస్ రెండు చేతులూ చాపాడు. పెద్దలు దగ్గారు. గుంగా తెల్లబట్టలవాడికి వెళ్ళాలి, జెరెమియాస్ ఎరుపు. ఇంకెవరు? అందరూ ఎరుపే. వెతగ్గా వెతగ్గా ఆ వారం తెల్లగా తేలిన సూటు ఒక్కటే, పన్ను నొప్పి వల్ల ఆడని దమియాన్‌ది. నియమం నియమమే. దమియాన్ చెంప ఇంకా వాచి ఉండగానే గుంగా అందుకున్నాడు. అతను అంత భయపడుతూ మోగించాడు కాబట్టి ఆ రోజు ఆట చాలా జాగ్రత్తగా సాగిందని చెప్పుకున్నారు.

వెనాన్సియో కింద చతికిలబడి చప్పట్లు కొట్టాడు. తెల్ల డ్రిల్లు సూటు వేసుకునే కొట్టాడు. ఖాకీ వేసుకోలేదేం మేస్త్రీ అని ఒకరిద్దరు అడిగితే, "ఖాకీ నాకు నప్పదు" అన్నాడు.

సాయంత్రం పొట్లం పట్టుకుని గుమ్మంలో టోపీ తీశాడు. "దొనా లిబానియా, వీటి సంగతి కాస్త చూడండి."

"చూస్తాను మేస్త్రీ" అంది ఆమె. "కాఫీ తాగి వెళ్ళండి."

మట్టిలో రెండు గంటలు చతికిలబడ్డ పంట్లాము ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆడిన రోజుల్లో ఎప్పుడూ ఇంత ఎరుపు లేదు. అప్పటి నుంచి ప్రతి సోమవారం దాన్ని రుద్దడానికి ఆమెకి మిగతా బట్టలన్నిటి కన్నా ఎక్కువసేపు పడుతోంది. చప్పట్లు కొట్టేవాడి బట్టల గురించి రేవులో ఎవరూ అడగరు. అయినా నీళ్ళలో ముంచినప్పుడు ఆమె ఒకసారి చూసి, "ఎరుపు" అని తనలో తను చెప్పుకుని, సబ్బు అందుకుంటుంది.